సగం ఇస్త్రీ

ఈ కథ జరిగిన ఊరి పేరు చెప్పడం లేదు. చెబితే ఆ ఊరంటే చెప్పేవాడికి అభిమానమో, కడుపుమంటో ఉందని ఎవరైనా అనవచ్చు. కథ నిష్పాక్షికత గురించి కాబట్టి ఆ మాత్రం జాగ్రత్త తప్పదు. ఉత్తరాంధ్రలో ఒక చిన్న మున్సిపాలిటీ, దానికో కోర్టు, ఆ కోర్టుకో ప్రహరీ గోడ ఉన్నాయని తెలిస్తే చాలు.

ఆ గోడ పక్కన సూరీడమ్మ ఇస్త్రీ బండి ఇరవై రెండేళ్లుగా ఉంది. నాలుగు చక్రాలు, పైన రేకు, కింద బొగ్గుల బస్తా, నడుమ దుప్పటి పరిచిన బల్ల, బల్ల మీద ఇత్తడి పెట్టె. పెట్టె ఆమె అత్తగారిది. దాని పిడి అరిగి అరిగి సూరీడమ్మ అరచేతి ఆకారానికి వచ్చేసింది. కోర్టులోకి వెళ్లే నల్లకోటు ఏదైనా ముందు ఆ పెట్టె కిందికి వచ్చి వెళ్లాల్సిందే. ఏ కోటు ఎవరిదో ఆమె పట్టుకుని చెప్పేసేది. జగ్గారావు వకీలు కోటు జేబులో వక్కపొడి రాలి ఉంటుంది. జడ్జి పరాంకుశరావు గారి కోటుకి ఎడమ మోచేతి దగ్గర నునుపు ఎక్కువ, ఎందుకంటే ఆయన వాదనలు వింటున్నంతసేపూ ఆ మోచేతి మీదే ఆనుకుని కునుకు తీస్తారు.

ఒక సోమవారం పొద్దున్న మున్సిపాలిటీ వాళ్లు ట్రాక్టరు వేసుకుని వచ్చారు. పట్టణ సుందరీకరణలో భాగంగా కోర్టు గోడ మీద న్యాయదేవత బొమ్మ వేయించాలని తీర్మానం అయిందట. కళ్లకు గంత, చేతిలో త్రాసు, అంతా గీతలు గీసి చూసుకుంటే దేవత పాదాలు సరిగ్గా సూరీడమ్మ బండి వెనక పడ్డాయి. దేవతను జరపడానికి వీల్లేదు కాబట్టి బండిని ట్రాక్టరెక్కించారు. ఆక్రమణ కింద స్వాధీనం చేసుకున్నామనీ, ముప్పై రోజుల్లో విడిపించుకోకపోతే వేలం వేస్తామనీ ఒక కాగితం ఆమె చేతిలో పెట్టారు. బండిలో అప్పటికి ఊళ్లో వకీళ్లవి పదకొండు నల్లకోట్లు ఉన్నాయి. అవీ స్వాధీనమైపోయాయి.

సూరీడమ్మ మున్సిపాలిటీకి పరిగెత్తింది. గోడ కోర్టుది, కోర్టు చెబితే ఇస్తాం అన్నారు. అక్కణ్ణించి జగ్గారావు వకీలు దగ్గరికి పరిగెత్తింది. ఆయన తెల్లచొక్కాతో, వీధిలో లుంగీ జారిపోయినవాడిలా ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

తన కేసు పట్టమని ఆమె బతిమాలింది. ఆయన చేతులెత్తేశాడు. "నా కోటు నీ బండిలో ఉంది కదే. నీ బండి వస్తే నా కోటు వస్తుంది. అంటే నీ కేసులో నాకూ లాభం ఉన్నట్టే. లాభం ఉన్నవాడు నీ తరఫున ఎలా వాదిస్తాడు? పోనీ వాదిద్దామన్నా కోటు లేకుండా కోర్టులో నిలబడనివ్వరు."

మిగతా పదిమందీ అదే మాట చెప్పారు. ఊళ్లో కోటు ఒంటి మీద ఉన్న వకీలు ఒక్కడే మిగిలాడు. అతని పేరు కామేశం. బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన ఆవిరి లాండ్రీలో కోటు వేస్తాడు. అతను మున్సిపాలిటీ వకీలు.

జగ్గారావు జాలిపడి ఒక దారి చెప్పాడు. ఎవరి కేసు వాళ్లే వాదించుకునే హక్కు చట్టంలో ఉందనీ, దానికి కోటు అక్కర్లేదనీ అన్నాడు. సూరీడమ్మకి ప్రాణం లేచొచ్చింది. నా బండి నాదని చెప్పడానికి నాకు ఇంకొకడి నోరెందుకు అనుకుంది. పాపం, ఆ నెలలో కోర్టులో ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు.

ఆ నెల నిష్పాక్షికతా మాసోత్సవం. పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి జడ్జీ ప్రతి కేసుకీ ముందు, పార్టీలతో తనకు చుట్టరికం, స్నేహం, పగ, ఒకే బస్సులో ప్రయాణం, ఒకే కొట్లో టీ, ఇలాంటివేమైనా ఉన్నాయేమో పంతొమ్మిది గళ్ల ఫారంలో నింపి సంతకం పెట్టాలి. అసలే భయస్తుడైన పరాంకుశరావు గారు అది వచ్చిన రోజునుంచీ ఎవరి నమస్కారమూ తీసుకోవడం లేదు. ఇంటినుంచి కోర్టుకి వచ్చేటప్పుడు ఎండ లేకపోయినా గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని నడిచేవారు, దారిలో ఏ పార్టీ కనబడుతుందోనని. రెండుసార్లు కరెంటు స్తంభానికి గుద్దుకున్నారు. అయినా ఏ స్తంభం మీదా ఆయనకు ద్వేషం లేదు.

దావా వేసేచోటే మొదటి చిక్కు వచ్చింది. కోర్టు సూపరింటెండెంటు కాగితాలు తిప్పి చూసి, వకాలత్తు ఏదీ అన్నాడు. తానే వాదించుకుంటానని ఆమె చెప్పింది.

"సంతోషం. అయితే వాదించుకోవడానికి నీకు నువ్వు అధికారం ఇచ్చినట్టు రుజువేది? రేపు నువ్వే వచ్చి, నాకు తెలియకుండా నేను వాదించేశానంటే కోర్టు ఏం కావాలి?"

అందుకని ఆమె తనకు తాను వకాలత్తు రాసి ఇచ్చుకుంది. పార్టీగా ఎడమ బొటనవేలు వేసింది. న్యాయవాదిగా పుచ్చుకున్నందుకు కుడి బొటనవేలు వేసింది. రెండు ముద్రలూ వేరువేరుగా ఉన్నాయని సూపరింటెండెంటు భూతద్దంతో చూసి ఖాయం చేసుకున్నాడు.

ఆరో రోజున కేసు పిలుపుకి వచ్చింది. డవాలా బంట్రోతు సింహాద్రి గుమ్మంలో నిలబడి ఆమె పేరు మూడుసార్లు అరిచాడు. ఆమె అతని వెనకే, లోపలే నిలబడి ఉంది. ఇక్కడే ఉన్నాను కదరా అంది. పేరు పిలిచాక బయటనుంచి రావాలి అప్పా అన్నాడతను. ఆమె బయటికి వెళ్లి లోపలికి వచ్చింది. అప్పుడు వకీలు రాలేదేమని జడ్జి గారు అడిగారు. ఆమె మళ్లీ బయటికి వెళ్లి, ఈసారి వకీలుగా లోపలికి వచ్చింది.

పరాంకుశరావు గారు ఆమె మొహం చూడకుండా, ఆమె తలమీదుగా గోడగడియారాన్ని చూస్తూ ప్రకటించారు. "ఈ న్యాయస్థానం దృష్టిలో తన కేసు తాను వాదించుకొను వ్యక్తి ఒకరు కాదు, ఇద్దరు. ఒకరు పార్టీ, ఒకరు న్యాయవాది. మున్సిపాలిటీ పార్టీ వేరు, వకీలు వేరు అయినప్పుడు, వీరికి మాత్రం ఇద్దరూ ఒక్కరే అయ్యే సౌకర్యం కల్పించడం పక్షపాతం కాగలదు."

ఆ రోజు సూరీడమ్మ ఇద్దరుగా పనిచేసింది. వకీళ్ల బల్ల దగ్గర నిలబడి, ఖాళీ బోను వైపు చూసి, "ఆ బండి ఎవుల్దమ్మా?" అని అడిగింది. తరవాత బల్ల చుట్టూ తిరిగి, మోకాలు పట్టుకుని మెట్టెక్కి, బోనులో నిలబడి, "నాదే బాబూ" అంది. మళ్లీ దిగి వచ్చి, "ఎన్నాళ్లబట్టీ ఉందక్కడ?" అని అడిగింది. మళ్లీ ఎక్కింది. నాలుగో ప్రశ్నకి మోకాలు వాచింది.

అయితే అందులో ఆమెకు ఒక ముచ్చట జరిగింది. బల్ల దగ్గర ఉన్నంతసేపూ జడ్జి గారు ఆమెను మీరు అన్నారు. బోనెక్కగానే నువ్వు అన్నారు. యాభై నాలుగేళ్ల బతుకులో తనను మీరు అన్నవాడు అంతవరకూ ఒక్కడూ లేడు. ఆ మాట కోసం ఆమె ఒకటి రెండు అక్కర్లేని ప్రశ్నలు కూడా అడిగింది.

మధ్యాహ్నం భోజనాలకి లేచే ముందు కామేశం అభ్యంతరం చెప్పాడు. సాక్షి ఇంకా బోనులో ఉండగా న్యాయవాది సాక్షిని ఏకాంతంలో కలవబోతున్నాడనీ, ఏం చెప్పాలో నేర్పిపెట్టే ప్రమాదం ఉందనీ అన్నాడు. జడ్జి గారికి అది సబబుగా తోచింది. కేసు ముగిసేదాకా న్యాయవాది సూరీడమ్మ, పార్టీ అయిన సూరీడమ్మతో ఈ కేసు విషయమై ఒక్క మాట కూడా మాట్లాడరాదని ఉత్తర్వు వేశారు. కాపలాకి సింహాద్రిని పెట్టారు.

సూరీడమ్మ గన్నేరు చెట్టు కింద కూర్చుని చద్దన్నం తింటూంటే సింహాద్రి ఎదురుగా కూర్చుని ఆమె పెదాలనే చూశాడు. "తింటే పెదాలు కదుల్తాయి కదరా" అందామె. నిజమేనని అతను కాగితం మీద, నమలడం మాత్రమే జరిగినది అని రాసుకున్నాడు. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తనలో తాను అనుకునే మాటకి కూడా కోర్టు తాళం వేసిందే అని ఒళ్లు మండింది.

భోజనాలయ్యాక కామేశం అసలు బాణం తీశాడు. "ఏలినవారు ధరించిన కోటు ఎవరు ఇస్త్రీ చేసిందో రికార్డులో లేదు."

పరాంకుశరావు గారు మెల్లగా తన కోటు వైపు చూసుకున్నారు. చేతి మీద మడత నిటారుగా ఉంది. అలాంటి మడత ఆ జిల్లాలో ఒక్క చేతే వేయగలదు. "ఈ కోర్టు తన కోటును తాను పరిశీలించినది. ఇందులో అర్జీదారు హస్తం స్పష్టముగా కనబడుచున్నది" అని ఆయన చెప్పి రాయించి, పంతొమ్మిది గళ్ల ఫారంలో ఇరవయ్యో గడి గీసి, అందులో ఇస్త్రీ అని రాసి, కేసు వదులుకున్నారు. వదులుకున్నాక కూడా మనసు కుదుటపడక కోటు విప్పి సింహాద్రి చేత బాల్చీ నీళ్లలో ముంచించారు.

కామేశం బాధంతా నిష్పాక్షికత కోసం కాదు. ముప్పై రోజులు గడిస్తే బండి వేలం అయిపోతుంది. అతను రోజులు లెక్కపెడుతున్నాడు. ఆ సంగతి సూరీడమ్మకీ అర్థమైంది, ఎందుకంటే ఆమె కూడా అవే రోజులు లెక్కపెడుతోంది.

పక్క ఊరి జడ్జి గారు పన్నెండో రోజున వచ్చారు. ఆయన కోటు వారం వారం బస్సు కండక్టరు చేతికిచ్చి ఆమె దగ్గరికే పంపేవారని తేలింది. ఆయనా తప్పుకున్నారు. ఆ తరవాత ఒక జడ్జమ్మ గారు నెలన్నర కిందట కొత్తగా కుట్టించిన కోటుతో, నాకు ఏ ఇస్త్రీవాళ్లూ తెలియదని ధీమాగా వచ్చి కూర్చున్నారు. కుట్టిన దర్జీని పిలిపించారు. కుట్టడం నాది, ఇస్త్రీ సూరీడమ్మది అన్నాడు దర్జీ. అప్పటికి ఇరవై ఒకటో రోజు.

ఈలోగా ఇంకో ఉపద్రవం పుట్టింది. ముడతలు లేని కోటు పక్షపాతానికి గుర్తు అని జిల్లా అంతా పాకిపోయింది. జడ్జీలు ఇస్త్రీ మానేశారు. జిల్లా వకీళ్ల సంఘం అత్యవసర సమావేశం పెట్టి, ముడతే నిజాయితీ అని తీర్మానించింది. ఎంత నలిగితే అంత నిష్పాక్షికం. ఒక సీనియరు వకీలు కోటును పరుపు కింద పెట్టుకుని పడుకుంటున్నాడని విని, ఇంకొకాయన కోటు వేసుకునే పడుకోవడం మొదలుపెట్టాడు. గుమాస్తాలు చొక్కాలు కూడా పిండి ఉండచుట్టి తొడుక్కున్నారు.

సూరీడమ్మ అది చూసి ఉసూరుమంది. బండి దొరికినా ఇక దాని దగ్గరికి వచ్చేదెవరు? తనకి న్యాయం చేయడానికి లోకమంతా ఇస్త్రీయే మానేసింది. ఇంటికి వెళ్లి ఏడిస్తే కాస్త బరువు దిగేది. ఏడుస్తూ ఏమైనా అనేస్తే కోర్టు ఉత్తర్వు మీరినట్టవుతుందని అదీ మానుకుంది.

ఇరవై తొమ్మిదో రోజున ప్రత్యేక న్యాయమూర్తి విరూపాక్షయ్య గారు వచ్చారు. రాష్ట్రం ఆ చివరనుంచి, పద్దెనిమిది గంటల ప్రయాణం చేసి వచ్చారు. ఈ ఊళ్లో ఎవరూ తెలియదు. అన్నిటికంటే ముఖ్యం, ఆయన కోటు కొన్ననాటినుంచీ ఇస్త్రీ ఎరగదు. అది కోటని చెబితే తప్ప తెలియదు. ఫారంలో పంతొమ్మిది గళ్లూ, కొత్తగా చేర్చిన ఇరవయ్యో గడీ ఖాళీగా వదిలి ఆయన గర్వంగా సంతకం పెట్టారు.

సూరీడమ్మ ఆ కోటు చూసి గుండె చిక్కబట్టుకుంది. వృత్తి బాధ అది. అయినా ఈ పూటతో గండం గడుస్తుందని ఆశపడింది. మర్నాడు వేలం.

కామేశం లేచాడు. ఈ నెలలో అతని గొంతులో ఇంత కరుణ ఎవరూ వినలేదు.

"ఏలినవారు ఎన్నడూ ఇస్త్రీ చేయించలేదు. అనగా ఇస్త్రీ వృత్తి మీద ఏలినవారికి లోలోపల ద్వేషం ఉండి ఉండవచ్చు. అర్జీదారు ఇస్త్రీ మనిషి. ఆమెకు అన్యాయం జరిగిపోతుందేమోనని మున్సిపాలిటీ ఆందోళన చెందుతోంది. కాబట్టి ఏలినవారు కూడా తప్పుకుని, ఇస్త్రీ చేయించినవారూ చేయించనివారూ కాని మరొక న్యాయమూర్తిని నియమించవలెను."

విరూపాక్షయ్య గారు, ఇది లోతైన ప్రశ్న అన్నారు. ఇస్త్రీ చేయించిన న్యాయమూర్తి అర్జీదారు పక్షం. చేయించని న్యాయమూర్తి అర్జీదారుకి విరోధి. ఈ రెంటికీ నడుమ నిలబడే న్యాయమూర్తి భూమ్మీద లేనట్లయితే ఈ దావా విచారణకు అనర్హమని కొట్టివేయడం తప్ప గత్యంతరం లేదేమో అని కలం తీశారు.

ఇరవై రెండేళ్ల బండి, అత్తగారి ఇత్తడి పెట్టె, రెండూ ఆ కలం మొనన వేలాడుతున్నాయి. సూరీడమ్మ ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. తనతో తాను మాట్లాడకూడదు కదా, ఆలోచించే అలవాటే తప్పిపోయింది. బల్ల దగ్గర నిలబడి నోటికొచ్చింది అనేసింది.

"అయితే సగం సేత్తాను బాబూ. తమరి కోటు ఎడం పక్క ఇస్త్రీ, కుడి పక్క ముడత. అప్పుడు తమరు ఇటూ కారు, అటూ కారు."

విరూపాక్షయ్య గారి కలం ఆగింది. తన కోటు బొత్తాల వరుస వెంట వేలితో పైనుంచి కిందికి గీసుకున్నారు. మొహం మెల్లగా వెలిగింది. ముప్పై ఏళ్ల సర్వీసులో నిష్పాక్షికతను ఇంత కొలతగా ఎవరూ నిర్వచించలేదని, అర్జీదారు తరఫు విద్వాంసురాలైన న్యాయవాదిని కోర్టు అభినందిస్తోందని రాయించారు.

కామేశం ఊరుకోలేదు. ఆ సగం ఆవిరి లాండ్రీలో చేయిస్తామన్నాడు.

"మిసన్లో సగం అవదు బాబూ. కోటంతా ఒక్కసారే మింగేత్తాది. సగం కాడ ఆగడానికి సెయ్యి కావాల, పెట్టె కావాల."

లాండ్రీ మేనేజరుని పిలిపించి అడిగారు. నిజమే, మా మిషను ఆగదు అన్నాడు. కామేశం ఆఖరి అభ్యంతరం పడేశాడు. అర్జీదారే ఇస్త్రీ చేస్తే ఏలినవారికీ అర్జీదారుకీ పరిచయం ఏర్పడుతుందనీ, మొదటి జడ్జి గారు తప్పుకున్నది అందుకేననీ అన్నాడు.

విరూపాక్షయ్య గారు పాత ఉత్తర్వు తెప్పించి చదివారు. "ఈమె ఒకరు కాదు, ఇద్దరు అని ఈ కోర్టు ఇదివరకే తేల్చి ఉన్నది. ఒకరు ఇద్దరు కాగలిగినప్పుడు ముగ్గురు కావడానికి చట్టంలో అడ్డంకి కనబడదు. ఇస్త్రీ చేయు సూరీడమ్మ పార్టీ కాదు, న్యాయవాది కాదు. ఆమె కోర్టు ఉద్యోగి."

మూడో సూరీడమ్మ ముద్రకి బొటనవేళ్లు రెండూ అయిపోయాయి కాబట్టి సింహాద్రి ఆమె చూపుడువేలికి సిరా రాశాడు.

ఉత్తర్వు సాయంత్రానికి వచ్చింది. సదరు బండి న్యాయ నిర్వహణకు అత్యవసరమైన సాధనం కాబట్టి వేలం నిలుపుదల. దానిని యథాస్థానంలో, గోడ పక్కన, దావా ముగిసేవరకు నిలిపి ఉంచవలెను. విచారణ సమానంగా జరగాలంటే వకీళ్లందరి కోట్లూ అదే కొలతన ఉండాలి కాబట్టి అవి కూడా సగం ఇస్త్రీ చేయబడవలెను. ఒకరోజులో ఇస్త్రీ సడలి నిష్పాక్షికత దెబ్బతినే అవకాశం ఉన్నందున రోజూ చేయవలెను.

మర్నాడు ట్రాక్టరు బండిని తెచ్చి దింపింది. అప్పటికి గోడ మీద న్యాయదేవత పూర్తయింది. బండి నిలిపాక ఆమె పాదాలు, నడుము, త్రాసు దాని వెనక మరుగైపోయి, రేకు పైన గంత కట్టిన కళ్లు మాత్రం మిగిలాయి. సూరీడమ్మ పెట్టె మూత తీసి నిప్పులు వేసి, పిడి పట్టుకుంది. నెల తరవాత చేతికి చెయ్యి దొరికినట్టయింది. ఎవరు చూస్తారని కూడా అనుకోకుండా ఏడ్చింది.

ఆ మర్నాటినుంచి ఊళ్లో నల్లకోట్లన్నీ ఎడమపక్క నిగనిగలాడుతూ, కుడిపక్క నలిగి కనబడ్డాయి. జిల్లా అంతా అదే పద్ధతి పట్టుకుంది. ఇస్త్రీ మానేసిన జడ్జీలు కూడా సగానికి తిరిగి వచ్చారు. పరాంకుశరావు గారైతే గొడుగులో కూడా ఎడమ సగమే తెరిచి పట్టుకోవడానికి ప్రయత్నించారు గాని గొడుగు ఒప్పుకోలేదు. సగం ఇస్త్రీ మొత్తం ఇస్త్రీ కంటే కష్టమని సూరీడమ్మ సింహాద్రితో అనేది. కోటు మధ్యలో చెయ్యి ఆపడం ఎవరికీ తెలియని విద్య.

కేసు నడుస్తూనే ఉంది. పదకొండో వాయిదా ముందురోజు జగ్గారావు వకీలు కోటు తీసుకోవడానికి వచ్చి గొంతు తగ్గించి సంతోషంగా చెప్పాడు. కేసు గట్టిగా ఉందట, రేపు వాదన వినిపిస్తే ఆమే గెలుస్తుందట. గెలిస్తే ఏమవుతుందని ఆమె అడిగింది. బండి నీది అని తీర్పొస్తుంది అన్నాడాయన. తరవాత అని అడిగింది. ఆయన కాస్త తటపటాయించి నిజం చెప్పాడు. దావా ముగిస్తే బండి కోర్టు సాధనం కాకుండా పోతుంది. ఉత్త ఇస్త్రీ బండి అవుతుంది. అప్పుడు మున్సిపాలిటీ మళ్లీ ట్రాక్టరు వేసుకుని రావచ్చు, దేవత పాదాలు ఇంకా బండి వెనకే ఉన్నాయి కదా.

సూరీడమ్మ ఆయన కోటు ఎడమ సగం మడిచి చేతికిచ్చింది.

మర్నాడు సింహాద్రి మూడుసార్లు పిలిచాడు. ఆమె పార్టీగా ఒకసారి, వకీలుగా ఒకసారి లోపలికి వచ్చి బల్ల దగ్గర నిలబడింది. విరూపాక్షయ్య గారు సగం నిగనిగలాడుతూ కూర్చుని, అంతా పూర్తయింది, వాదన వినిపిస్తే ఈ పూటే తేల్చేద్దాం, మీరు సిద్ధమేనా అన్నారు.

సూరీడమ్మ చేతులు కట్టుకుంది.

"వాయిదా ఇప్పించండి బాబూ."

కారణం ఏమిటని ఆయన అడిగారు.

"తేల్చాలా వొద్దా అని నా పార్టీని అడగాల. ఆవిడతో ఇంతవరకూ ఒక్క మాట మాటాడనేదు బాబూ. మాటాడకూడదని కోర్టే సెప్పింది."

ఆయన పాత ఉత్తర్వు తిప్పి చూశారు. ఉంది. వచ్చే నెలకి వాయిదా వేశారు. సూరీడమ్మ దండం పెట్టి బయటికి వచ్చి, చల్లారిన పెట్టెలో నిప్పులు వేసుకుంది.